దామోదర్ మౌలాలి సైడింగ్

నాచారంలో ఒక ఫ్యాక్టరీ టూల్‌రూమ్‌లో పనిచేసి రిటైరైన దామోదర్‌కు మనుషుల మీదకంటే కొలతల మీద నమ్మకం ఎక్కువ. ఉప్పల్‌లో వాళ్ల ఇంటి పైగదిలో, పొడవాటి బల్ల మీద, ఆయన ఏళ్ల తరబడి కట్టుకున్న చిన్న రైలుంది. దాన్ని బొమ్మ రైలంటే మాత్రం ఊరుకోడు. తండ్రి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసిన కాలంనాటి, పక్కదారిలో వ్యాగన్లు నిలిపే మౌలాలి సైడింగ్‌ను, ప్రతి పట్టాతో సహా అసలు కొలతలో డెబ్భై ఆరో వంతుకు కుదించి చేత్తో చేశాడు. ఒక పట్టా ఇంకోదాన్ని దాటే క్రాసింగ్ దగ్గర చక్రం అంచు దూరే సందు అర మిల్లీమీటరే. షాపులో కొన్న రైళ్లకు ఆ సందు వదులుగా ఉంటుంది, ఎట్లా తోసినా పోతాయి. ఈయన రైలుకు అంత దయ లేదు.

దసరాకు ఇనుప ముక్కలు బిగించే వైసుకూ, సుత్తెకూ, స్కూటర్‌కూ, చివరికి మిక్సీకి కూడా బొట్టు పెట్టనిచ్చేవాడు గానీ, రైలు దగ్గరికి మాత్రం భార్య శారదమ్మను కుంకుమ భరిణెతో రానిచ్చేవాడు కాదు.

పోయినేడు వానల్లో నరాల జబ్బు పట్టుకుంది. ముందు పాదాల్లో తిమ్మిరి, తర్వాత కాళ్లు, చేతులు, ఆఖరికి ఊపిరి. దసరా, దీపావళి రెండూ దవాఖానాలో, నోట్లో గొట్టంతోనే గడిచాయి. బతికి బయటపడ్డాడు, నడక వచ్చింది. వేలికొసలు మాత్రం మొద్దుబారిపోయాయి, కుడిచెయ్యి వణుకు పోలేదు. ఈ జబ్బు కొందరికి తిరగబెడుతుందని డాక్టర్ అన్నప్పటి నుంచి, పొద్దున్నే పాదాలు గిల్లి చూసుకోవడం ఆయనకు అలవాటైంది.

పైగది తాళం తీయడానికి నెలలు పట్టింది. మోకాళ్లన్నాడు, ఎండలన్నాడు. నిజానికి భయం. కాళ్లు తిరిగొచ్చాయి గానీ చేతులు రాలేదని ఆ బల్ల తన మొహం మీదే చెప్పేస్తుందని భయం. చివరికి నాగోల్‌లో ఉండే గిరిప్రసాద్‌కు ఫోన్ చేశాడు. రైల్వేలో చేసి రిటైరైన ఆయనకూ ఇదే పిచ్చి.

"ఆదివారం నీ ముంగట ఇంజను పడకుంట సైడింగ్ దాటితే ఇదంత నా దగ్గరుంటది. పడ్డదంటే మొత్తం నువ్వే తీస్కపో అన్నా."

"ఇలా పందెం కాస్తారేంటండీ! నాలుగు రోజులు అలవాటు పడండి ముందు," అన్నాడు గిరిప్రసాద్. దామోదర్ వినలేదు.

ఆ మధ్యాహ్నమే ముందుగా ఒకసారి ఇంజను నడిపి చూశాడు. క్రాసింగ్ దగ్గర పక్కకు ఒరిగిపోయింది. మళ్లీ ఎక్కించాడు, మళ్లీ అక్కడే పడింది. చక్రాలు తుడిచినా అంతే. వానాకాలమంతా గది మూసి ఉంది, చెక్క ఉబ్బి సందు బిగిసిందేమోననుకున్నాడు. సన్నటి ఆకురాయి తీసుకున్నాడు. ఒకప్పుడైతే ఎంత అరిగిందో వేలికొస చెప్పేది. ఇప్పుడు వేలి కింద ఏమీ లేదు. ఇంకొంచెం నొక్కాడు, చెయ్యి ఎగిరింది, రెండు పట్టాలు కలిసే మొన, క్రాసింగ్ ముక్కు, విరిగిపోయింది.

ఆకురాయి పళ్ల నిండా ఎరుపు. వేలు తెగినా తనకు తెలియదు కదా. పదివేళ్లూ వెలుతురుకు తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఎక్కడా గాయం లేదు. వాసన చూశాడు. నూనె, కుంకుమ.

"శారదా! జర పైకి రా!"

శారదమ్మ వచ్చి ఆకురాయిని చూసింది. "ఆ కుంకుమ నేనే పెట్టిన," అంది. "దసరా నాడు. మీకు కండ్లు తప్ప ఏం కదుల్తలేకుండె. దీనికొక్కదానికే ఎన్నడు బొట్టు పెట్టలేదు, గందుకే గిట్లయిందేమోనని భయమైంది. నూనెల కలిపి పట్టాలకు పెట్టిన. మీరు ఇంటికొస్తున్రంటే పైపైన తుడిసిన. సందుల లోపటికి పోయిందని నాకేమెరుక?"

"ఒక్కమాట నన్నడగొద్దా?"

"అడుగుదామంటే మీ నోట్ల గొట్టముండె," అంటూ ఏడ్చేసింది.

దామోదర్‌కు ఆ కోపం ఏం చేసుకోవాలో తెలియలేదు. కుంకుమ ఒక్కటే అయితే గుడ్డతో పోయేది. బాగున్న క్రాసింగ్‌ను పాడుచేసింది తన చెయ్యే. ఇప్పుడు కొత్తది చేయాల్సిందీ అదే చెయ్యి. ఫోన్‌లో సంగతి విని గిరిప్రసాద్ "నేను చేసి పట్టుకొస్తానండీ" అన్నాడు. ఎంత తేలికైన దారి! నోటిదాకా వచ్చిన 'సరే'ను మింగి వద్దన్నాడు దామోదర్.

మణికట్టును తువ్వాలతో వైసుకు కట్టమన్నాడు. శారదమ్మ కట్టింది. కట్టినా వణికింది గానీ తక్కువ వణికింది. మొదటి ముక్క వంకర పోతే పక్కన పడేశాడు. టంకం వేసేటప్పుడు ఆమె పక్కనే కూర్చుని, "కాలుతది, వేలు జరుపుర్రి" అంటూ కాపలా కాసింది. అతుకు చూడమని ఆమె వేలినే పట్టా మీద నడిపించాడు. బియ్యంలో రాళ్లు ఏరిన వేలది.

"నున్నగుందా?"

"ఇగో, ఈడ గీరుకుంటుంది."

అక్కడ ఆకురాయితో అరగదీశాడు. మళ్లీ అడిగాడు. విసుగొచ్చినా ఆమె లేవలేదు.

ఆదివారం గిరిప్రసాద్ అట్టపెట్టెలతో వచ్చాడు. మర్యాదకు వాటిని గుమ్మం బయటే పెట్టాడు. దామోదర్ మీట తిప్పాడు. ఇంజను మెల్లగా క్రాసింగ్ దాకా వచ్చింది. ముందు చక్రాలు ఎక్కాయి, ఇంజను ఒక పక్కకు ఊగింది. శారదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనక చక్రాలూ ఎక్కాయి. దాటింది. దాని వెనకే వ్యాగన్లన్నీ దాటాయి.

"పెట్టెలు తిరిగి కారులో పడేస్తానండీ," అంటూ గిరిప్రసాద్ కిందికి దిగాడు.

దామోదర్ కూర్చుండిపోయాడు. పొద్దున ఎడమ పాదం గిల్లుకుంటే కాస్త ఆలస్యంగా తెలిసినట్టనిపించింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

"శారదా, కుంకుమ తే."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. "మీరే కదా ఒద్దనేది?"

"ఇప్పుడు నాగ్గూడ భయమైతుంది."

ఆమె ఇంకేం అడగకుండా భరిణె తెచ్చింది. వేలు అద్ది ఎక్కడ పెట్టాలన్నట్టు ఆగింది. దామోదర్ వణుకుతున్న చేత్తో ఇంజను పైకప్పు చూపించాడు.

"ఈడ పెట్టు. కింద పట్టాల జోలికి మాత్రం పోకు."