వెయ్ సుజెన్ చెవి

చైనాలోని షీజియాజ్వాంగ్‌లో టేబుల్ టెన్నిస్ ఆడేవాళ్లకి వ్యాయామశాల వెనక గేటు పక్కనున్న వెయ్ సుజెన్ కొట్టు తెలియకుండా ఉండదు. ఆమె అమ్మేది రబ్బరు అతికించని ఉత్త బ్యాటు చెక్కలు. ఎవరొచ్చినా ఒకే రకానివి అయిదారు తీసి, మూలికలు తూచే చిన్న తక్కెడలో తూచి, ఒక్కొక్కదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో తట్టేది. చివరికి ఒకటి చేతిలో పెట్టి, దీనికి గొంతుంది, తీసుకెళ్లు అనేది. గొంతు లేదనిపించిన వాటి పిడి మీద ఎర్ర పెన్సిలుతో గీత పెట్టి బల్ల కింద అట్టపెట్టెలో పడేసేది. ముప్ఫయ్యేళ్లుగా కంపెనీలు ఏం రాసుకున్నా జనం ఆమె మాటే నమ్మారు.

ఆ చెవి రెండేళ్ల కిందట మందగించింది. అరవై ఏళ్లకి అదేమంత వింత కాదు గాని, సుజెన్ ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇక ఆ గడప ఎవరు తొక్కుతారు? అలవాటు కొద్దీ తడుతూనే ఉంది, ఏదో ఒకటి చేతిలో పెడుతూనే ఉంది. షట్టరు దించేసరికి రోజంతా మూటలు మోసినట్టు ఒళ్లు హూనమయ్యేది.

మార్చిలో గెంగ్ వచ్చాడు. బాయిలరు దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. ఇరవయ్యేళ్లుగా ఆమె దగ్గరే కొంటాడు, ఆమెతోనే ఆడతాడు. మోచేతి నొప్పికి డాక్టరు ఆట మానెయ్యమన్నాడట. మానెయ్యడం ఇష్టంలేక ఒక కొత్త చెక్క గురించి కంపెనీ వేసిన రంగురంగుల కాగితం పట్టుకొచ్చాడు. పొరల మధ్య కొత్త రకం నార వేశారట. అదురంతా అదే మింగేస్తుందట. వేగం పదకొండు పాయింట్ ఎనిమిదట.

"దేనితో కొలిచారంట?" అంది సుజెన్.

"అది మాత్రం రాయలేదు. నువ్వు తట్టి చెప్పు. ఈసారి తప్పు చెక్క పడిందంటే నా ఆట అయిపోయినట్టే."

అరలోంచి ఆ రకం చెక్క తీసి ఆమె తట్టింది. కణుపుకి నొప్పి తెలిసింది గాని చెవికి ఏమీ తెలియలేదు. ఇంకొకరికైతే చేతిలో పెట్టేసేదే. గెంగ్ మోచేతితో ఆ నాటకం ఆడడానికి మనసొప్పలేదు. రేపు వ్యాయామశాలకి రమ్మని పంపేసింది.

ఆ రాత్రే మూడు చెక్కలు సిద్ధం చేసింది. ఒకటి కాగితంలో పొగిడిన చెక్క. రెండోది, చెవి బాగున్న రోజుల్లో ఏరి, ఎవరికీ అమ్మకుండా దాచుకున్నది. మూడోది, తేడా తెలియాలని అట్టపెట్టెలోంచి తీసిన పనికిరాని చెక్క. మూడింటికీ ఒకే రబ్బరు అతికించింది. పొరలు కనబడకుండా అంచులకి పట్టీ వేసి, పిడులకి వార్తాపత్రిక చుట్టింది.

"ఆడమంటే పొట్లాలు కట్టుకొచ్చావేంటి?" అని వ్యాయామశాలలో నవ్వాడు గెంగ్.

మధ్యాహ్నమంతా ఆమె బంతులు వేసింది, అతను కొట్టాడు. నొప్పి లేకుండా బంతి మాట వింటోందని ఒకటి తీసి పక్కన పెట్టాడు. అతన్ని అటు తిరగమని, ఆ పిడి అడుగున కాగితం మీద చిన్న చుక్క పెట్టి మూడింటినీ కలిపేసింది. మళ్లీ ఆడి, మళ్లీ దాన్నే పక్కన పెట్టాడు. మూడోసారీ అంతే. సుజెన్ దాని పిడికి చుట్టిన కాగితం విప్పింది.

లోపల ఎర్ర పెన్సిలు గీత. ఆమె చేత్తో పెట్టిందే, పదకొండేళ్ల కిందట, చెవి పాములా వినే రోజుల్లో.

కంపెనీవాళ్ల గొప్పలు ఉత్తవని తేలినందుకు ఆమె సంతోషించాల్సింది. సంతోషం రాలేదు. ఆ పెట్టెలో ఇంకా నలభై చెక్కలున్నాయి. బెంచీ మీద కూలబడింది.

గెంగ్ ఆ గీతని చూశాడో లేదో గాని చెక్క తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "ఓసారి తట్టు, సుజెన్. నీ మాట లేకుండా పట్టుకెళ్తే చేతికి ఆనదు."

ఆమె చెవి దగ్గర పెట్టుకుని తట్టింది, దించేసింది.

"నాకేం వినపడ్డం లేదు, గెంగ్ అన్నా," అంది. "రెండేళ్లయింది. వినపడ్డప్పుడు మాత్రం ఏం తెలిసి ఏడ్చింది? నీ చేతికి బాగుంది కదా, తీసుకెళ్లు."

వెళ్లే ముందు గెంగ్ ఆమె ఫ్లాస్కులోంచి వేడినీళ్లు పోసి కప్పు ఆమె చేతికిచ్చాడు.

మర్నాడు సుజెన్ బల్ల కిందనుంచి అట్టపెట్టె ఈడ్చింది. ఒక్కొక్క చెక్క మీదా ఎర్రగీత పెన్సిలు రబ్బరుతో చెరిపి, తూచి, తట్టకుండానే అరలో పెట్టింది.