ఢిల్లీ నాయకుడికి మామయ్యగారి ముఖం

ఆ రోజుల్లో బెజవాడలో ధైర్యవంతుడు అనిపించుకోవడం చాలా కష్టం. స్వరాజ్యం అప్పుడే వచ్చింది. జైలుకు వెళ్ళివచ్చినవాళ్ళు వీధికి నలుగురుండేవారు. అడిగినా అడక్కపోయినా చొక్కా పైకెత్తి లాఠీ దెబ్బల మచ్చలు చూపించేవారు. మాబోటి ఇరవై ఏళ్ళవాళ్ళకు చూపించుకోవడానికి ఏమీ మిగల్లేదు. (నా ఒంటి మీదున్న ఒకే ఒక్క మచ్చ మా అమ్మ చేతి అట్లకాడ వల్ల వచ్చింది. అది దేశసేవ కింద జమ కాదు.) అలాంటి వయసులో ఎవరైనా వచ్చి “ఎంత ధైర్యమండీ మీది!” అంటే, ఆ ధైర్యం మనది కాకపోయినా వద్దనడానికి నోరు రాదు. నాకు అలాంటి ధైర్యం సరిగ్గా ఒకటిన్నర రోజు దక్కింది. శుక్రవారం పొద్దున మొదలై శనివారం మధ్యాహ్నానికల్లా అయిపోయింది.

మాది పెడన దగ్గర నేతపని చేసుకునే కుటుంబం. నాన్న మగ్గంలో కూర్చుంటే నేను పక్కన చేరి చీరల అంచులకు హంసలూ మామిడిపిందెలూ కాగితం మీద గీసి ఇచ్చేవాణ్ణి. హంసకు ఫలానావారి పోలిక రావాలన్న నియమం లేదు కాబట్టి నేను గొప్ప చిత్రకారుణ్ణని మా వీధివాళ్ళంతా నమ్మారు. వాళ్ళకంటే ముందు నేను నమ్మాను. ఆ నమ్మకం చంకన పెట్టుకుని బెజవాడ వచ్చి, గవర్నరుపేటలో ఒక వారపత్రికలో బొమ్మలు వేసే ఉద్యోగంలో చేరిపోయాను. బొమ్మ అచ్చు వెయ్యడానికి జింకు బ్లాకు చేయించాలంటే మద్రాసు పంపించాలి, అది తిరిగొచ్చేసరికి వార్త పాచిపోతుంది. అందుకని నేల మీద పరిచే లినోలియం ముక్క తీసుకుని, దాని మీద బొమ్మను నేనే చిన్న కత్తితో చెక్కేవాణ్ణి. గాలి తప్ప నీళ్ళు రాని మునిసిపాలిటీ కుళాయి, వానాకాలంలో బాతులు ఈదే బందరు రోడ్డు, కిరసనాయిలు సీసా పట్టుకుని వరసలో నిలబడి గడ్డం పెరిగిపోయిన గుమాస్తా, ఇలాంటివి వేసేవాణ్ణి. జనానికి నచ్చాయి. ఒక్కటే చిక్కు. నాకు ముఖాలు రావు. అందుకని నా బొమ్మల్లో మనుషులెప్పుడూ అటు తిరిగి నిలబడేవారు, వీపులు మాత్రమే కనపడేవి. పాఠకులు దాన్ని ప్రజల నిరసన అనుకునేవారు. ఒకాయన ఆ వీపుల్లోని ఆవేదనను మెచ్చుకుంటూ రెండు పేజీల ఉత్తరం కూడా రాశాడు.

మా ఎడిటరు గారు సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ పంటి కింద లవంగం నొక్కుకుంటూ ఉండేవారు. ఒక మంగళవారం నన్ను పిలిచి, “ఈ కుళాయిలూ బాతులూ చాల్లేవయ్యా. ఈసారి ఢిల్లీ మీద పడదాం. బట్ట కంట్రోలు మీద ఘాటుగా ఒకటి వెయ్యి. నాయకుడి ముఖం కనపడాలి సుమా, వీపు కాదు!” అన్నారు. అప్పట్లో బట్టకు రేషను. కార్డు పట్టుకుని డిపో ముందు పొద్దుటి నుంచీ నిలబడితే ఇన్ని గజాలని కొలిచి ఇచ్చేవారు, అదీ సరుకు ఉంటే. నేను బొమ్మ బాగానే ఊహించాను. ఒక డిపో. ముందు గుమ్మంలో ఢిల్లీ నాయకుడొకాయన టోపీ పెట్టుకుని నిలబడి, గోచీ కట్టుకున్న రైతుకు చేతిరుమాలంత గుడ్డ ఇస్తుంటాడు. పక్కన బోర్డు మీద ‘సర్దుకోండి’ అని ఉంటుంది. వెనక దొడ్డిగుమ్మంలోంచి తానులకు తానులు బండికెక్కుతుంటాయి. అక్కడి బోర్డు మీద ‘సర్దేశాం’ అని ఉంటుంది. ఎడిటరు గారు లవంగం నమలడం ఆపి మరీ నవ్వారు.

ఇక ముఖం. మద్రాసు నుంచి వచ్చిన ఇంగ్లీషు పేపర్లో ఆ నాయకుడి ఫొటో ఒకటి దొరికింది. అది బొటనవేలి గోరంత ఉంది. సిరా అలుక్కుపోయి, ఆయన కాటుకడబ్బాలో ముఖం పెట్టి అప్పుడే లేచినట్టున్నారు. దాన్ని ముందు పెట్టుకుని రెండు రోజులు కుస్తీ పట్టాను. మూడో ముక్క చెక్కేటప్పుడు చెయ్యి దానంతటది హాయిగా సాగిపోయింది. గడ్డం కింద సంచీలా వేలాడే కండా, చేటల్లాంటి చెవులూ, చెవుల మీద పొదలా వెంట్రుకలూ, అన్నీ తన్నుకుంటూ వచ్చేశాయి. చివర్లో కత్తి జారి ఎడమ కనుబొమ మీద తెల్లగా ఒక గాటు పడింది. మళ్ళీ చెక్కడానికి టైము లేదు. పోనీలే, ఢిల్లీ ఆయన కనుబొమను బెజవాడలో ఎవరు చూడొచ్చారని వదిలేశాను.

శుక్రవారం పొద్దున పత్రిక బజారులోకి వచ్చింది. నేను కాఫీ హోటల్లో అడుగు పెట్టగానే గల్లాపెట్టె దగ్గర కూర్చున్న యజమాని లేచి నిలబడ్డాడు. “భలే వేశారండీ! సొంత అక్కగారి మామగారినే ఏకేశారు! మీ గుండె గుండె కాదండీ బాబూ!” అన్నాడు. నాకేమీ అర్థం కాలేదు. అతను పత్రిక నా ముందు పరిచి, “అచ్చు గుద్దినట్టున్నారు. ఆ గాటుతో సహా!” అన్నాడు. అప్పుడు చూశాను. సాక్షాత్తూ ఆయనే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా అక్కయ్యను బెజవాడ కొత్తపేటలో ఇచ్చాం. ఆవిడ మామగారికి ఇంటి ముందుగదిలోనే కంట్రోలు బట్టల డిపో. ఆయనకు నా మీద ఎంతో ఆపేక్ష. ప్రతి ఆదివారం భోజనానికి పిలిచి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, “ఇంకో ముద్ద తినవయ్యా, నేతగాడికి నీరసం పనికిరాదు” అని నెయ్యి వేయించేవారు. ఆయన పప్పన్నం తినేటప్పుడు ఆ గడ్డం కింద కండ ఎలా కదులుతుందో, చెవులు ఎలా తాళం వేస్తాయో ఏడాది పాటు చూశాను. చిన్నప్పుడు గోడ మీద నుంచి పడితే ఆయన కనుబొమ మీద గాటు పడింది. స్వరాజ్యం వచ్చిన మర్నాటి నుంచి టోపీ కూడా పెడుతున్నారు. నాకు కంఠతా వచ్చిన ముఖం ప్రపంచంలో అదొక్కటే. అదే వచ్చి కూర్చుంది.

అంతవరకైతే ఏదో సర్దుకునేదే. కానీ ఆయన డిపోకు నిజంగానే దొడ్డిగుమ్మం ఉంది. అందులోంచి నిజంగానే తెలిసినవాళ్ళకు తానులు వెళ్తున్నాయి. ఆ సంగతి ఊళ్ళో చాలామందికి తెలుసు, నాకే తెలీదు. ఆ పొద్దున కార్డులు పట్టుకున్న జనం సగంమంది ముందు వరస వదిలేసి, పత్రిక చేత్తో పట్టుకుని దొడ్డిగుమ్మం దగ్గర వరస కట్టారట. “సర్దేశారా, ఇంకా ఉందా అండీ?” అని లోపలికి తొంగి చూశారట.

నేను వెంటనే పరుగెత్తి వెళ్ళి, అయ్యా పొరపాటు అని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఎందుకంటే కాఫీ హోటల్లో నా చుట్టూ పదిమంది చేరారు. ఖద్దరు కట్టుకున్న పెద్దాయన ఒకాయన నా భుజం మీద చెయ్యి వేసి, “నీలాంటి కుర్రాళ్ళుంటే దేశానికి ఢోకా లేదు” అన్నాడు. (ఆయన రెండుసార్లు జైలుకు వెళ్ళొచ్చిన మనిషి.) నా నోట్లోంచి, దేవుడు సాక్షిగా, ఈ మాటలు వచ్చాయి: “న్యాయం దగ్గర చుట్టరికం ఏమిటండీ!” ఆ మాట మధ్యాహ్నానికి గవర్నరుపేట దాటింది. సాయంత్రానికి కొత్తపేట చేరింది. ఎడిటరు గారు నన్ను తన ఎదురు కుర్చీలో కూర్చోబెట్టుకుని తన లవంగాల డబ్బా నా వైపు జరిపారు. పత్రికలో అంతకు మించిన బిరుదు లేదు.

శనివారం మధ్యాహ్నం ఆఫీసు ముందు జట్కా ఆగింది. అక్కయ్య చంకలో పిల్లను వేసుకుని దిగింది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది.

“నీకేం ద్రోహం చేశానురా?” అంది.

“అక్కయ్యా, నేను...”

“నేను నీకు చెప్పానా ఆ గుమ్మం సంగతి? ఎప్పుడైనా నోరెత్తానా? ఇంటి గుట్టు పుట్టింటికి మోశానని మా మామగారు నేనిచ్చిన మంచినీళ్ళు కూడా ముట్టుకోవడం లేదు. నాన్నకి టెలిగ్రాం ఇచ్చారు, వచ్చి మీ అమ్మాయిని తీసుకెళ్ళండని. న్యాయం దగ్గర చుట్టరికం లేదన్నావుటగా? లేదని చెప్పు, బట్టలు సర్దుకుంటాను.”

ఆ మాటతో నా ధైర్యం దిగిపోయింది. ఆవిడను కాపాడటానికి దారి ఒక్కటే కనిపించింది. అది మామయ్యగారి బొమ్మ కాదని చెప్పాలి. ఆయన బొమ్మ కాకపోతే, ఢిల్లీ ఆయనను వెయ్యబోయి చేతకాక మామయ్యగారిని వేశానని ఒప్పుకోవాలి. ఊరంతా మెచ్చిన చిత్రకారుడు తనకు బొమ్మ రాదని తన నోటితో తనే చెప్పుకోవాలి. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆ రాత్రంతా ఇంకేదైనా దారుందేమోనని వెతికాను.

ఆదివారం పొద్దున నాన్న బందరు రైల్లో దిగారు. ఇద్దరం కొత్తపేట వెళ్ళాం. మామయ్యగారు పడక్కుర్చీలో కూర్చున్నారు. ఆయన పక్కన ఆయన స్నేహితుడు, రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన పెద్దమనిషి, తీర్పు చెప్పడానికి వచ్చినట్టు గడియారం చేత్తో పట్టుకుని కూర్చున్నారు. తలుపు చాటున అత్తయ్యగారూ అక్కయ్యా నిలబడ్డారు. బావ స్తంభానికి ఆనుకుని కాలి బొటనవేలు చూసుకుంటున్నాడు.

“రండి బావగారూ,” అన్నారు మామయ్యగారు నాన్నతో, ఎంతో మర్యాదగా. “మీ అబ్బాయి ఏడాదిగా మా ఇంట్లో భోంచేశాడు. బాకీ తీర్చుకున్నాడు.”

“మామయ్యగారూ, అది మీ బొమ్మ కాదండీ,” అన్నాను.

“మరెవరిదయ్యా?”

“ఢిల్లీ ఆయనదండీ.”

“ఢిల్లీ ఆయనకి నా గాటు ఎలా వచ్చింది?”

“కత్తి జారిందండీ.”

“చెవులు కూడా జారాయా?”

గార్డు గారు కిసుక్కుమన్నారు. నేను అసలు సంగతి చెప్పేశాను. “నాకు పోలిక రాదండీ. ఎవరిని వెయ్యబోయినా తెలిసిన ముఖం వచ్చేస్తుంది. అక్కయ్య నాకేమీ చెప్పలేదు. నాకు... నాకు బొమ్మ వెయ్యడం చేతకాదండీ.”

“ఏవిట్రా చేతకాకపోవడం?” అన్నాడు బావ తల ఎత్తి. “మా నాన్న ప్రాణం పోసినట్టుంటే!”

జీవితంలో మొదటిసారి ఒక మనిషి పోలిక కుదిరితే, అది తప్పించుకోవడానికి నానా తిప్పలూ పడాల్సి వచ్చింది. అప్పుడు గార్డు గారు అన్నారు: “మాటలెందుకు? మా ఎదురుగా వెయ్యమనండి, తేలిపోతుంది.” పెద్ద మేనకోడలి పలకా బలపమూ తెప్పించారు. గోడకున్న క్యాలెండరులో సన్నగా, బోడిగుండుతో ఉన్న ఒక నాయకుణ్ణి చూపించి, “ఈయన్ని వెయ్యి” అన్నారు. చెమటలు కారుతుండగా వేశాను. పలక తిప్పి చూపించాను. నాలుగు రోజులు లంఖణం చేసి గుండు కొట్టించుకున్న మామయ్యగారు వచ్చారు. గార్డు గారు కళ్ళజోడు సర్దుకుని, “ఊఁ, కళ్ళజోడున్నాయన్ని వెయ్యి” అన్నారు. కళ్ళజోడు పెట్టుకున్న మామయ్యగారు వచ్చారు. “ఆడవాళ్ళని వెయ్యవయ్యా, అదీ చూద్దాం!” అన్నారు. ఒక నాయకురాలిని వేశాను. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, చేటల్లాంటి చెవులకు దుద్దులు పెట్టుకుని, మామయ్యగారు సభనుద్దేశించి మాట్లాడుతున్నారు.

తలుపు చాటు నుంచి నవ్వు వినపడింది. అత్తయ్యగారు. పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళలో భర్త ఎదుట ఆవిడ నవ్వగా ఎవరూ విని ఉండరు. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. గార్డు గారి గడియారం చేతిలోంచి జారింది. బావ స్తంభం వదిలేసి అరుగు మీద కూలబడ్డాడు. నాన్న మాత్రం పలక వైపు చాలాసేపు జాలిగా చూసి, “హంసలు బాగా వేస్తాడండీ” అన్నారు.

మామయ్యగారు పలక చేతిలోకి తీసుకున్నారు. దూరంగా పెట్టి చూశారు, దగ్గరగా పెట్టి చూశారు. పెదవులు బిగించారు కానీ గడ్డం కింద కండ కదలడం మొదలెట్టింది. “దుద్దులు బాగానే ఉన్నాయే” అన్నారు చివరికి. తర్వాత అక్కయ్యను పిలిచి, “అమ్మా, పొరపాటు పడ్డాను. మంచినీళ్ళు పట్రా” అన్నారు.

అంతటితో అయిపోయిందనుకున్నాం. అత్తయ్యగారు కళ్ళు తుడుచుకుంటూ బయటకు వచ్చారు. “బొమ్మ మీది కాదని తేలింది, బాగానే ఉంది. గుమ్మం మనదేగా?” అన్నారు. “రెండేళ్ళ నుంచి చెబుతున్నా, మీ చెవికెక్కలేదు. మొన్న ఆ వరసలో చిరుగుల చీరతో నిలబడ్డ మనిషిని చూశాక నాకు ముద్ద దిగలేదు” అంటూ దొడ్లోకి వెళ్ళి, తలుపుకు తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్నారు. మామయ్యగారు చూస్తూ కూర్చున్నారు. ఆ తర్వాత ఆ ఇంటి తానులన్నీ ముందు గుమ్మంలోంచే వెళ్ళాయి. ఆదివారాలు నాకు నెయ్యి ఎప్పటిలాగే పడింది. కాకపోతే భోజనానికి ఆయన నా ఎదురుగా కాకుండా నా పక్కన కూర్చోవడం మొదలెట్టారు.

మరుసటి వారం, నేను పట్టుబట్టగా, ఎడిటరు గారు పత్రికలో చిన్న సవరణ వేశారు: ‘గత సంచికలోని బొమ్మ ఢిల్లీ నాయకులది. పోలిక కుదరనందుకు చింతిస్తున్నాం.’ దాన్ని ఒక్కరూ నమ్మలేదు. కుర్రాడు బంధువులకు జడిసి మాట మార్చాడని కాఫీ హోటల్లో తీర్మానించారు. జైలుకు వెళ్ళొచ్చిన పెద్దాయన నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. లవంగాల డబ్బా మళ్ళీ ఎడిటరు గారి వైపు జరిగింది. ఆ అవమానంతో నెల రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఎప్పటికైనా నిజంగా ధైర్యంగల బొమ్మ ఒకటి వేసి వీళ్ళ నోళ్ళు మూయించాలని రోజూ అనుకునేవాణ్ణి.

తర్వాత చాలా ఏళ్ళు చాలామంది నాయకుల్ని వేశాను. పోలికలూ క్రమంగా పట్టుబడ్డాయి. కొందరు కోప్పడ్డారు, కొందరు పిలిచి కాఫీ ఇచ్చారు. వాటిలో నాకు ధైర్యం అవసరమైన బొమ్మ ఒక్కటీ గుర్తు లేదు. ఈ వయసులో ఎవరైనా ఏదైనా అడిగితే “నాకు రాదు బాబూ” అని రోజుకు పదిసార్లు అంటున్నాను, ఏమీ అనిపించదు. ఆ ఆదివారం కొత్తపేటలో, అక్కయ్య తలుపు చాటున నిలబడి ఉండగా, చెమటలు కక్కుతూ అదే మాట అన్న ఆ ఇరవై ఏళ్ళవాణ్ణి తలుచుకుంటే మాత్రం నవ్వొస్తుంది. పాపం, తను చేసిన ధైర్యం పని అదేనని వాడికి తెలీదు.