దారి పక్క వరుస

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఒక మనిషి మణికట్టు విరిగిన చప్పుడు. నా భార్యకు చెప్పలేదు. తాగిన మత్తులో కూడా నోరు జారలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఓదార్చకండి. చివరిదాకా వినండి, చాలు.

మాది జగిత్యాల వైపు. తాళ్లెక్కి కల్లు గీసే ఇల్లు. తొంభైల మొదట్లో ఒమన్‌కు కూలికి వెళ్లాను. ముందు ఇబ్రిలో బిల్డింగు పని. అక్కడ సిమెంటు బస్తా జారవిడిచానని ఫోర్‌మన్ అందరి ముందు నన్ను చెప్పుతో కొట్టాడు. కింద పడ్డాక కూడా ఆగలేదు. పెదవి చిట్లింది. చిన్నపిల్లాడిలా ఏడ్చాను. చుట్టూ మనవాళ్లే ఉన్నారు, ఒక్కడూ కదల్లేదు. ఫోర్‌మన్ వెళ్లాక మాత్రం ఒకడు వచ్చి నీళ్లు తాగించాడు. నేను తల ఎత్తి వాడికి ఒక మాట కూడా చెప్పలేదు.

ఆ కంపెనీ మూతపడ్డాక సమాయిల్‌లో ఖర్జూర తోట పని దొరికింది. చెట్లెక్కడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. తోట మసీదుది. దాన్ని చూసుకునే ముసలాయనను అందరూ వకీల్, అంటే ధర్మకర్త, అనేవారు. మొదటి రోజే ఆయన వచ్చీరాని హిందీలో ఆ తోట కథ చెప్పాడు. ఎప్పుడో ఆ దేశాన్ని ఏలిన ఒక ఇమామ్, అంటే వాళ్లకు రాజే, ఆ నేలనూ కాలవ నీళ్లలో దాని వంతునూ మసీదుకు రాసిచ్చాడట. తరువాత వచ్చిన ఏ పాలకుడూ దాని మీద చెయ్యి వేయలేదట. ఒక షరతు మాత్రం పెట్టాడట ఆ రాజు. దారి పక్క వరుసలో రాలిన పండు ఆకలిగొన్న బాటసారిది. అడ్డుకున్నవాడికి దేవుడి శాపం. లోపలి వరుసలు మాత్రం మసీదువి, వాటిని ముట్టుకుంటే దొంగతనమే.

నాకిది వింతగా అనిపించలేదు. మా నాన్న కూడా చెట్టు కిందికి వచ్చినవాణ్ని కల్లు పోయకుండా పంపేవాడు కాదు. అంటే నాకు బాగా అర్థమైంది. అర్థం కాలేదని మాత్రం నేను అనలేను.

ఎండాకాలం. కాయ పండుతోంది. మధ్యాహ్నం అందరూ నిద్రపోయే వేళ దారి పక్క వరుసలో ఎవడో వంగి ఏరుకుంటున్నాడు. చిరిగిన చొక్కా, పగిలిన పాదాలు. కంపెనీ నుంచి పారిపోయినవాడని చూడగానే తెలిసిపోయింది. నా చేతిలో అప్పుడే నరికిన ఖర్జూర మట్ట ఉంది. అరిచాను. వాడు భయంతో లేచి, నా ముఖం చూసి, నవ్వాడు.

"అన్నా, నువ్వా! ఆకలైతున్నదే, కిందవడ్డయే ఏరుకున్న."

"ఎవనికిరా అన్న? నడువ్ బయటికి."

"నేనే అన్నా. ఇబ్రి క్యాంపుల ఫోర్‌మన్ నిన్ను చెప్పుతోని కొట్టిననాడు నీళ్లు తెచ్చిచ్చిన గద. యాదికి లేదా?"

యాదికి లేకపోవడమేమిటి? ఆ మాటతోనే కొట్టాను. వాడు ఆ మాట అనకపోయి ఉంటే రెండు తిట్లు తిట్టి వదిలేసేవాణ్నేమో. నేను ఏడవడం చూసిన కళ్లు అవి. తోటలో నేను పెద్దమనిషిని, నన్ను చూసి పిల్లలు పరుగెత్తేవాళ్లు, అక్కడికి వచ్చి వీడు నన్ను మళ్లీ ఆ మట్టిలో పడేశాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. మట్ట ముళ్లు చొక్కానూ చర్మాన్నీ కలిపి చీల్చాయి. రెండోది తల మీద. వాడు చెయ్యి అడ్డం పెట్టాడు. మట్ట మొదలు తిప్పి పట్టుకుని బలమంతా పెట్టి వేశాను. అప్పుడే ఆ చప్పుడు. అక్కడితో ఆగానా? లేదు. పడిపోయినవాణ్ని కడుపులో తన్నాను. పక్కటెముకల మీద తన్నాను. నోట్లోంచి నెత్తురుతో పాటు నమిలిన పండు బయటికి వచ్చింది. ఫోర్‌మన్ తిట్టిన తిట్లే నా నోట వచ్చాయి, అదే వరుసలో. నాకు సుఖంగా ఉంది. ఈ మాట చెప్పడానికే ఇన్నేళ్లు పట్టింది. సుఖంగా ఉంది.

"జర నీళ్లియ్యే అన్నా," అన్నాడు.

కాలవ పక్కనే పారుతోంది. నేను కదల్లేదు.

అరుపులకు వకీల్ లేచి వచ్చాడు. నెత్తురు చూసి ఆయన ముఖం పాలిపోయింది. తానే దోసిలితో నీళ్లు తెచ్చి వాడి నోట్లో పోశాడు. తరువాత నా వైపు తిరిగి, ఏ వరుసలో పట్టుకున్నావని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"కిధర్ పకడా? రోడ్ వాలా లైన్, యా అందర్ వాలా?"

"అందర్ వాలా," అన్నాను. లోపలి వరుస అని.

వాడు కాదనలేదు. ఎందుకంటే వాడికి వరుసల సంగతే తెలియదు. ఆ పండు తనదేనని చెప్పినవాళ్లు లేరు. తాను దొంగతనమే చేశానని వాడూ నమ్మాడు. పోలీసు జీపు వచ్చాక, వేలాడుతున్న చేతిని రెండో చేత్తో పట్టుకుని, వకీల్‌కు వంగి "మాఫ్ కరో బాబా" అన్నాడు. క్షమించమని అడిగింది వాడు. నేను పక్కనే నిలబడి విన్నాను. కాగితాలు లేని మనిషి కాబట్టి తరువాత ఇండియాకు పంపేశారని తెలిసింది.

నేను ఆ తోటలోనే ఇంకా చాలా కాలం పనిచేశాను. దొంగను పట్టుకున్నవాడినని నాకు మర్యాద పెరిగింది. దారిన పోయే కూలీలు మాత్రం ఆ వరుస కిందికి రావడం మానేశారు. పండు రాలి, చీమలు పట్టి, కుళ్లిపోయేది. ఒక రాజు మాట అన్ని తరాలు నిలిచింది. నేను ఒక్క మధ్యాహ్నంలో దాన్ని చెరిపేశాను.

వాడు మేస్త్రీయో, ఇనుము కట్టేవాడో. ఏ చేత్తో బతికేవాడో నాకు తెలియదు. పేరు కూడా తెలియదు. జగిత్యాల బస్టాండులో వంకర చెయ్యి ఉన్న మనిషి కనిపిస్తే ఇప్పటికీ తల దించుకుంటాను. వాడేనని కాదు. వాడే అయితే మళ్లీ అన్నా అని పిలుస్తాడేమోనని భయం.

వకీల్ ఎప్పుడో పోయాడని విన్నాను. ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు ఇంకా నా దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

దారి పక్క వరుస, బాబా. వాణ్ని నేను కొట్టింది దారి పక్క వరుసలోనే.