అడగకుండా వేసిన కుట్లు

మా మరదలు పోయిందని మొన్న మంగళవారం ఉదయం కబురొచ్చింది. కాకినాడ నుంచి ఆమె అక్క కూతురు ఫోన్ చేసింది. ఏ ఫోన్ మోగినా చెడు కబురేనని నాకు భయం. ఈసారి ఆ భయం నిజమైంది. నిద్రలోనే పోయిందట.

మరదలంటే రక్తసంబంధం కాదు. బహ్రెయిన్‌లో నేను బట్టలు కుట్టిన రోజుల్లో ఆమె అక్కడ హోటల్లో డాన్సరు. మొదటిరోజే నన్ను "వదినా" అంది. నేను "మరదలా" అన్నాను. ఆ వరస అలాగే ఉండిపోయింది. ఆమె గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. నా చదువు ఐదో తరగతి, తప్పులుంటే దిద్దుకుని చదవండి. రాయకపోతే, ఆమెకి నేను చేసిన పని నాతోనే పోతుందని భయంగా ఉంది.

తొంభైల మధ్యలో సంగతి. అక్కడి పేటల్లో ఒకటైన ఉమ్మ్ అల్ హస్సామ్‌లో చిన్న టైలరింగ్ షాపు మాది. పక్కపేట జుఫైర్‌లో ఒక హోటలు డాన్సర్ల బట్టలు మా షాపుకే వచ్చేవి. వారానికోసారి మధ్యాహ్నం పూట హోటలు డ్రైవరు ఆమెను కార్లో తెచ్చేవాడు. ఆమె లోపలున్నంతసేపూ ఇంజను ఆపేవాడు కాదు. నేను కొలతలు తీస్తుంటే ఆ చప్పుడు నా వీపు మీదే ఉన్నట్టుండేది. పాస్‌పోర్టు హోటలు మేనేజరు సొరుగులో, ఫ్లాటు తాళం డ్రైవరు జేబులో.

ఆమె మా గోదావరి వైపు రికార్డింగ్ డాన్సుల్లో ఏళ్ళ తరబడి ఆడిన మనిషి. ఆ డాన్సుకి రెండు పావడాలుంటాయి. పైదానికి నడుం దగ్గర ప్రెస్ బటన్లు. పాట మధ్యలో ఒక్క లాగుకి అది ఊడి రావాలి. లోపల మోకాళ్ళ దాకా ఇంకో పావడా, కాళ్ళకి ఒంటి రంగు మేజోళ్ళు. చూసేవాళ్ళకి ఏదో చూశామనిపిస్తుంది కాని, కనపడేది ఏమీ ఉండదు. ఎన్ని బటన్లు, ఎంత బిగువు, ఏ దరువుకి లాగాలి, అన్నీ ఆమే చెప్పేది. కుట్టాక ఒక్కో బటనూ చెవి దగ్గర పెట్టుకుని నొక్కి చూసుకునేది.

"లాగే చెయ్యి నాదై ఉండాలి వదినా. ఇంకోడి చెయ్యి పడిందంటే అది డాన్సు కాదు," అనేది.

"సిగ్గనిపించదా మరదలా, అంతమంది మగాళ్ళ ముందు?"

"సిగ్గు చూసేవోళ్ళకుండాలి. నువ్వు మాత్రం రేపొచ్చే జలుబుకి ఇయ్యాలే తుమ్ముతావు. టీ చల్లారిపోతంది, తాగు." బిస్కెట్టు విరిచి పెద్ద ముక్క నాకిచ్చేది. ఎప్పుడూ పెద్ద ముక్కే.

ఒకసారి ఊళ్ళో జరిగింది చెప్పింది. మహిళా సంఘం వాళ్ళు వచ్చి, ఆడదాన్ని ఆటబొమ్మను చేస్తున్నారని ఆమె స్టేజీ ఆపించారట. "ఆళ్ళు చెప్పిందాన్లో అబద్ధం లేదు వదినా. ఆ మగాళ్ళు నన్ను మనిషిలా చూళ్ళేదు, నిజమే. కాని స్టేజీ పీకించి ఎళ్ళిపోయారు. నా మొహం చూసి ఒక్క మాటైనా అడిగారా?" అంది.  ఇప్పుడైతే కాలేజీలో చదివే మా మనవరాలు ఆ డాన్సు స్త్రీవాదమా కాదా అని నా ముందే తనతో తనే వాదించుకుంటుంది. నేను వింటాను.

బహ్రెయిన్‌లో ఆ ఏడు ఎండాకాలంలో ఒకరోజు, ఆమె లోపలి గదిలో ఉండగా, డ్రైవరు మా షాపు ఫోన్లో హిందీలో మాట్లాడుతుంటే నా చెవిన పడింది. రేపు ఖాస్ మెహమాన్లు, పెద్ద అతిథులు, వస్తున్నారు, డాన్సు అయ్యాక ఆమెను వాళ్ళ టేబుల్ దగ్గర కూర్చోబెట్టాలి అంటున్నాడు. ఆడతాను గాని ఎవరి టేబుల్ దగ్గరా కూర్చోను అని ఆమె ముందునుంచీ చెబుతూనే ఉంది.  పావడా ఊడకుండా ఉంటే, ఒళ్ళంతా కప్పుకుని ఉంటే, వాళ్ళ కళ్ళు ఆమె మీద పడవనుకున్నాను. ఆమె బటన్లన్నీ నొక్కి చూసుకున్నాక, ఇస్త్రీ చేసిస్తానని పావడా వెనక్కి తీసుకున్నాను. బటన్ల మీదుగా గట్టి దారంతో ఎనిమిది కుట్లు వేసి, మడత పెట్టి ఇచ్చాను. ఆమెతో ఒక్క మాట చెప్పలేదు.

మర్నాడు దరువు రాగానే ఆమె లాగిందట. రాలేదు. ఇంకా గట్టిగా లాగితే మోకాలు మెలితిరిగి స్టేజీ మీదే పడిపోయింది. చూసేవాళ్ళు నవ్వారట. కావాలని చేసిందని మేనేజరు అనుకున్నాడు. ఇక డాన్సు లేదు, టేబుళ్ళ దగ్గర కూర్చో అన్నాడు. ఆమె కూర్చోనంది. ఫ్లాట్లో పెట్టి తాళం వేశారు. మూడో రోజు డ్రైవరు ఒక్కడే షాపుకొచ్చి ఇదంతా నవ్వుతూ చెప్పాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం నేనే హోటలుకి నడిచి వెళ్ళాను. కుట్లు నేనే వేశాను సాబ్, ఆమె తప్పు లేదు అని నాకొచ్చిన హిందీలో చెప్పాను. మేనేజరు కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. "సబ్ ఠీక్ హై, అమ్మా. యల్లా, జావో," అంతా బాగానే ఉంది, ఇక వెళ్ళు అని నవ్వి, మరదలి పాస్‌పోర్టున్న సొరుగు కొంచెం తెరిచి, మళ్ళీ మూశాడు. ఆ సొరుగు మూసిన చప్పుడు ఇప్పటికీ వినపడుతుంది నాకు.

చివరికి ఆ మోకాలే ఆమెను ఇంటికి పంపింది. నిలబడలేని డాన్సరుని పెట్టుకుని వాళ్ళేం చేసుకుంటారు? విమానానికి వెళ్ళే దారిలో షాపు దగ్గర దిగింది. కాలికి కట్టు. బయట ఇంజను ఆడుతూనే ఉంది.

"ఎందుకు కుట్టేవు వదినా?"

"నీ మంచికే మరదలా. నాకు భయమేసింది."

"నా మంచి నన్నడిగేవా? ఆ మేనేజరు ఇప్పమంటాడు. సంఘం వోళ్ళు కప్పుకోమన్నారు. నువ్వేమో ఏకంగా కుట్టేసేవు. అందరూ కలిసి నా నడుం మీదే పడ్డారేంటే?" నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. "ఆళ్ళు నన్నడగరని తెలుసు. నువ్వడుగుతావనుకున్నాను."

ఆ తరవాత ఆమె మళ్ళీ ఆడలేదు. కాకినాడలో డాన్సు బట్టలు అద్దెకిచ్చే కొట్టు పెట్టుకుంది. అప్పుడప్పుడు ఫోన్ చేసేది. నేను క్షమాపణ మొదలుపెడితే చాలు, "గ్యాసు కట్టేసేవా వదినా? ఎళ్ళి చూసుకో," అనేది. నిజంగానే లేచి వెళ్ళి చూసుకునేదాన్ని. తిరిగొచ్చేసరికి మాట మారిపోయేది. నా కుట్లు ఆమెను ఆ టేబుళ్ళ నుంచి కాపాడాయో, ఆమె బతుకు లాక్కున్నాయో, రెండూనో, ఆమె చెప్పలేదు. ఇంక చెప్పేవాళ్ళు లేరు.

ఆరోజుల్లో ఆమె బహ్రెయిన్ విడిచి వెళ్ళిన వారానికే అదే కారు మళ్ళీ వచ్చింది. కొత్త డాన్సరు దిగింది. ఇరవై దాటి ఉంటాయేమో, మన తెలుగమ్మాయే. పావడా కుట్టాలంది. టేపు పట్టుకుని ఆమె ముందు వంగాను. ఎప్పుడూ అడగని మాట ఆరోజు అడిగాను.

"ఎక్కడిదాకా కుట్టమంటావమ్మా? నీకెలా కావాలో చెప్పు."

ఆ పిల్ల నా వైపు చూడలేదు. అద్దం తలుపు అవతల నిలబడి ఉన్న డ్రైవరు వైపు చూసింది. అతను అద్దం మీద తొడల ఎత్తున వేలితో ఒక గీత గీసి చూపించాడు. "అక్కడిదాకా," అంది.