జడ్చర్ల దగ్గర చెడిపోయిన బస్సు

ఆ రోజుల్లో మా గద్వాల ఇంట్లో మనిషి ఊరు దాటాలంటే ఒక కారణం కావాలి. పెళ్లో, చావో, దవాఖానో, షావుకారుకు చీరలు ఇచ్చి రావడమో. ఊరికే చూసొద్దామని, అదీ ఒక్కడే విదేశం పోతానంటే మనిషికి ఏదో అయిందనుకునేవాళ్లు. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు, నాగర్‌కర్నూల్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. ఫోన్‌లో బొమ్మలు చూసి చూసి మనసు పాడై, ఐదు రోజులకు టికెట్టు కొనేశాను. రెండు రోజులు బ్యాంకాక్, మిగతాదంతా సముద్రం. అమ్మానాన్నలు పోయాక నన్ను పెంచిన తాతకు మాత్రం "హైదరాబాద్‌ల ట్రైనింగ్ ఉంది" అని చెప్పాను. తాత అప్పటికే వారంగా దగ్గుతున్నాడు. మగ్గం మీది నుంచి తలెత్తకుండానే "మంచిగ తిను బిడ్డా" అన్నాడు. (ఆయన్ను చూసుకోవడానికి వనపర్తి నుంచి మేనత్త వచ్చి ఉంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.)

నగరంలో రెండు రోజులు చెయ్యి చాపి నా ఫోటోలు నేనే తీసుకున్నాను. రహస్యం కాబట్టి ఒక్కటీ ఎవరికీ పంపలేకపోయాను. తర్వాత సముద్రం ఒడ్డుకు చేరి, తెల్లవాళ్లు పడుకున్నారు కదా అని నేనూ సాయంత్రం దాకా ఇసుకలో పడుకున్నాను. నీడలో పెరిగిన మా వంశపు తోలు ఎండకు ఎర్రగా కాలింది. నాలుగో రోజు పొద్దున మండుతున్న ముక్కును అలల్లో ముంచుతుండగా అత్త ఫోన్ చేసింది.

"తాత పోయిండు ర. నిద్రల్నే పోయిండు. జల్ది రా, కొరివి పెట్టేటోడివి నువ్వే."

నిజం చెప్పాలనే నోరు తెరిచాను. "బస్టాండ్‌కు పోతున్న అత్తా" అని వచ్చింది.

"ఏందిర ఆ సప్పుడు?"

"వాన."

"తడవకు బిడ్డా," అని ఏడ్చింది. తండ్రి శవం పక్కన కూర్చుని, నేను తడుస్తానేమోనని ఏడ్చింది.

దొరికిన మొదటి విమానం మర్నాడు తెల్లవారుజామున ఉంది. శవాన్ని పొద్దు గూకేదాకే ఉంచుతామన్నారు. ఇక నేను బ్యాంకాక్‌కు తిరిగిపోతూ, ఫోన్‌లో మాత్రం గద్వాలకు వస్తూ ఉన్నాను. షాద్‌నగర్ దాటాను. జడ్చర్ల చేరాను. ఆ వేగంతో పోతే మధ్యాహ్నానికి ఇంట్లో ఉండాల్సి వస్తుందని భయం వేసి, జడ్చర్ల దగ్గర బస్సు చెడగొట్టాను. (బతుకులో నేను చేసిన ఒకే ఒక్క మెకానిక్కు పని అది.)

"ఆడ్నే ఉండు," అంది అత్త. "మీ మామ వనపర్తిల బయల్దేరుతుండు. సక్కగ నీకాడికే వస్తడు."

మామ అంటే అత్త భర్త. ముప్పై ఏళ్లు తాతతో కలిసి మగ్గం నేసిన మనిషి, రెండు మోకాళ్లూ అరిగినవాడు. "వద్దు, వేరే బండి దొరికింది" అంటే సరిపోయేది. నేను ఫోన్ బంద్ చేశాను. దానికి పిరికితనం కంటే పెద్ద పేరు నాకు దొరకలేదు.

మర్నాడు పదింటికి ఇల్లు చేరేసరికి అంతా అయిపోయింది. చూసి చూసి, పొద్దు గూకే వేళ అత్తే కొరివి పెట్టిందట. నా ముఖం చూసి వాకిట్లోని ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. "ఎండల నడిసొచ్చినట్టుండు, ముక్కు జూడు ఎట్ల పొట్టు లేసిందో!" అత్త నా రెండు చెంపలూ పట్టుకుని "నువ్వన్న మిగిలినవ్ ర" అంది. నేను భూమిలోకి కుంగిపోయాను.

మధ్యాహ్నం మామ వచ్చాడు. ఆగిన ప్రతి బస్సూ ఎక్కి దిగి, నా ఫోన్ కలవక, యాక్సిడెంట్ అయిందేమోనని రెండు దవాఖానలు తిరిగి, శవాల గదిలో గుడ్డలు ఎత్తి ముఖాలు చూశాడట. ఆ తిరుగుడులో మామకు తాత ఆఖరి చూపు దక్కలేదు. నన్ను చూశాడు. గోడ పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. మూలనున్న నా పెట్టెను దగ్గరికి లాక్కుని, పిడికి అంటించి ఉన్న విమానం వాళ్ల చీటీని చింపి, నలిపి తన జేబులో పెట్టుకున్నాడు. అత్త నీళ్లు తెస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఏడికి పోయినవ్ ర?"

"సముద్రం జూద్దామని..."

చాలాసేపు మోకాళ్లు రుద్దుకున్నాడు. "చెప్పిపోతే మేం వద్దంటుంటిమా?" అన్నాడు.

మామ తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి. ఇప్పుడు నాకు సెలవులున్నాయి, పాస్‌పోర్టు ఉంది, అడిగితే వద్దనేవాళ్లు నిజంగానే ఎవరూ లేరు. ఆ సంగతి తెలిశాక ఒక్కడినే పోవాలన్న సరదా ఎటు పోయిందో పోయింది. వీధి చివర చాయ్‌కి వెళ్లినా ఇంట్లో నలుగురికీ చెప్పి వెళ్తాను. వాళ్లు నవ్వుకుంటారు, నేనూ నవ్వుతాను.