నచ్చినవాళ్లు ముందు చెప్పాలి

మా పక్కింటాయన పోయారన్న కబురు నాకు రాజమండ్రిలో, సినిమా హాల్లో, ఇంటర్వెల్ దీపాలు వెలిగినప్పుడు అందింది. ఫోన్ చేసింది ఆయన భార్య. "మాస్టారూ, ఆయన ఇక లేరండి" అన్నారు. మళ్లీ ఆవిడే, "మీరు హాల్లో ఉంటారు కదా, సినిమా అయ్యాకే చేద్దామనుకున్నాను" అన్నారు. నన్ను ఆ సినిమాకి తరిమింది ఆయనే. "ఈసారి ఆ కుర్ర హీరో ఒళ్లు వంచి చేశాడంటున్నారండీ. నేనెలాగూ మెట్లెక్కలేను. మీరు చూసొచ్చి చెప్పండి" అన్నారు ఆ పొద్దున్నే. లేచి వచ్చేశాను. ఆ సినిమా రెండో సగం ఏమైందో నాకు తెలియదు. ఎవరైనా చెప్పబోతే అక్కణ్ణుంచి లేచిపోతున్నాను.

కొవ్వూరు బస్సులో వంతెన మీద నోరు మూసుకుని కూర్చున్నాను. అది మాకు ఏళ్లనాటి అలవాటు. ఆయన కాలువల శాఖలో పనిచేసి రిటైరయ్యారు, నేను కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. మందుల కొట్టు యజమానీ, మరో ఇద్దరు ముగ్గురూ మాతో కలిసేవారు. కొత్త సినిమా వస్తే అందరం గోదావరి దాటి వెళ్లి చూసి, కలిసి తిరిగివచ్చేవాళ్లం. బస్సు వంతెన దాటేదాకా సినిమా గురించి ఎవరూ నోరెత్తకూడదని ఆయన పెట్టిన నియమం. "హాలు గుమ్మంలో చెప్పేది సినిమా సంగతి కాదండీ. ఆకలి సంగతి, ఉక్క సంగతి. గోదారి గాలి తగిలాక కూడా అదే మాట అనగలిగితే, అప్పుడది అభిప్రాయం" అనేవారు.

ఒకసారి వంతెన నడిమధ్య బస్సు చెడిపోయింది. మందుల కొట్టు యజమాని ఉండబట్టలేకపోయాడు.

"బాబాయ్‌గారూ, ఈ బస్సు ఇప్పట్లో కదలదండి. ఆ క్లైమాక్సు గొంతులో అడ్డం పడింది, కక్కేయనా?"

"మింగెయ్యరా అబ్బాయ్. హీరో తన ఫ్లాష్‌బ్యాకంతా మింగుకుని తిరగలేదూ?"

కండక్టరు కూడా నవ్వాడు.

వంతెన దాటి టీ కొట్టు దగ్గర కూర్చున్నాక ఇంకో నియమం. నచ్చినవాళ్లు ముందు చెప్పాలి. "నచ్చనివాడు మొదలెడితే నచ్చినవాడు సిగ్గుపడి గమ్మునుండిపోతాడండీ. తిట్టుకి తొందరేముంది? అది ఎక్కడికీ పోదు" అనేవారు. ఈ నియమం వల్ల ఎక్కువ నష్టపోయింది నేను. దారి పొడుగునా నూరుకున్న వెటకారమంతా చేతిలో పట్టుకుని, అవతలివాళ్ల మెప్పుదల వింటూ కూర్చోవాల్సి వచ్చేది. చివరికి నా వంతు వచ్చేసరికి సగం పదును పోయేది. ఆ సగం పదును పోవడం నాకు ఎంత మేలు చేసిందో, అలమారలకొద్దీ చదివిన విమర్శ గ్రంథాలు చెయ్యలేదు. సినిమాల దగ్గర మేమిద్దరం ఏకీభవించింది చాలా అరుదు. నేను పనికిరాదన్న ప్రతి సినిమాలోనూ ఆయన ఏదో ఒకటి పట్టుకొచ్చేవారు. వెనకాల వంటమనిషి వేషం వేసినావిడ గరిటె పట్టుకున్న తీరో, వాన ఆగాక చూరు కారిన చప్పుడో. "ఎంత చెత్తలోనైనా ఎవరో ఒకరు ఒళ్లు దాచుకోకుండా చేసుంటారు మాస్టారూ. వాళ్లని చూడకుండా లేచి రావడం అన్యాయం కదండీ."

తరువాత టీ కొట్టు పోయి ఫోన్ వచ్చింది. మందుల కొట్టు యజమాని ఒక గ్రూపు పెట్టాడు. ఊళ్లోని సినిమా అభిమానులందరూ అందులో చేరారు. టైటిళ్లు పడుతుండగానే చీకట్లోంచి తీర్పులు రావడం మొదలైంది. ఆయన మాత్రం ఇంటికొచ్చి, భోంచేసి, కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరం పొడిచి రాసేవారు. పోయినేడాది ఆ కుర్ర హీరో సినిమాకి అలాగే రాశారు. ముందు నచ్చినవి. తరువాత, తండ్రి చనిపోయిన సన్నివేశంలో కొడుకు దుఃఖం కంటే జుట్టు ఎక్కువ కనిపించిందని ఒక్క మాట. ఆ ఒక్క మాటే అందరూ చదివారు. ఆయన ఏ కులమో, ఏ హీరో మనిషో తేల్చేశారు. ముసలాడన్నారు, అమ్ముడుపోయాడన్నారు. మర్నాటికి ఆయన్ని గ్రూపులోంచి తీసేశారు. ఫోన్ తెచ్చి నాకు చూపించారు. "నేను సినిమా గురించే కదండీ అన్నాను?" అన్నారు. ఆ తరువాత ఆయన హాలుకి రాలేదు. గుండె జబ్బూ, మెట్లూ అన్నవి ఆ తరువాత దొరికిన సాకులు.

ఇప్పుడు అదే గ్రూపులో ఆయన ఫొటో పెట్టారు. కింద దండం పెట్టే బొమ్మలు వరస కట్టాయి. 'గురుతుల్యులు' అని రాశాడు మందుల కొట్టు యజమాని. నేను నేరుగా కొట్టుకే వెళ్లాను.

"గురువుగారిని గ్రూపులోంచి గెంటింది ఎవరయ్యా?"

"ఇప్పుడవన్నీ ఎందుకండీ మాస్టారూ. ఫ్యాన్స్ ఊరుకోరని తీశాను గానీ, ఆయనంటే నాకేం కోపమండీ?"

"కోపం లేకపోతే, వారం వారం మందులకని నీ ముందు నిలబడ్డారే, సినిమా గురించి ఒక్క మాటైనా అడిగావా?"

"ఆయనేం చెప్తారో తెలుసు కదండీ."

"తెలిస్తే చెప్పు. పోయినేడాది ఆ సినిమాలో ఆయనకి నచ్చిందేంటో చెప్పు."

బిళ్లల అట్టలు సర్దడంలో పడ్డాడు. గెలిచాననుకున్నాను. కొట్టు మెట్లు దిగేలోపే తెలిసింది, అందులో గెలవడానికేమీ లేదని. వాణ్ణి ఎంత తిట్టినా ఆయన వచ్చి "వాడిలో కూడా ఒకటుందండీ" అని నాతో పోట్లాడరు. ఇక నా మాటకి ఎదురుమాట లేదు. ఎదురుమాట లేని మనిషి నోరు ఎంత నీచంగా తయారవుతుందో నాకు చరిత్ర పాఠాల్లోంచి తెలుసు. ఈ వయసులో నాకు భయం చావంటే కాదు, నా నోరంటేనే.

ఆయన మందులకి స్వయంగా ఎందుకు వెళ్లేవారో ఆయన భార్యకీ తెలుసు. "నేను తెస్తానంటే ఒప్పుకునేవారు కాదండీ. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్లేవారు" అన్నారు. నేనూ ఒకసారి ఆయన్ని మందలించాను, ఎండలో ఎందుకండీ ఆ తిరుగుడని. "ఈసారి అడుగుతాడేమోనండీ" అన్నారు, ఇంకేం దాచకుండా.

ఆ కొట్టు దగ్గర నేను ఆయన్ని చూసిన ఆఖరిసారి, వీధికి అవతలి పక్కనున్నాను. మందుల కవరు చేతికి వచ్చేసింది. ఆయన కదల్లేదు. కొట్టు యజమాని ఇంకెవరితోనో ఆ వారం సినిమా గురించి గట్టిగా మాట్లాడుతున్నాడు. ఈయన అటు కొద్దిగా వంగి, నవ్వు సిద్ధం చేసుకుని, గొంతు సవరించుకున్నారు. యజమాని తలతిప్పి, "ఇంకేమైనా కావాలాండీ?" అన్నాడు. "ఏం లేదు, ఏం లేదు" అంటూ ఒక కాలు కింది మెట్టు మీదికి దించారు. రెండో కాలు పైమెట్టు మీదే ఉంచి, కవరు గుండెకి ఆనించుకుని, అలాగే నిలబడ్డారు.