పోని పుస్తకాలకు మెమో

మా కాలేజీ లైబ్రేరియన్ మేడమ్ గారు పోయేరని అమలాపురం బస్టాండు దగ్గర ఫ్లెక్సీ చూసి తెలుసుకున్నాను. "అంకితభావానికి మారుపేరు" అని రాయించేరు. రాయించింది కాలేజీవాళ్లే. ఒళ్లు మండిపోయింది. ఆ ఫ్లెక్సీ చూసినవాళ్లు మీలో ఉంటే, అసలు సంగతి కూడా వినాలి.

రెండువేల సంవత్సరం దాటేక మా లైబ్రరీని కంప్యూటర్‌కెక్కించేరు. పుస్తకం లోపల అచ్చేసి పది స్థానాల నంబరుంటుంది కదా, ఎక్కడైనా ఆ పుస్తకాన్ని దాంతోనే పోల్చుకుంటారు. కాంట్రాక్టుకొచ్చినవాళ్లు వాటిని ఆదరాబాదరాగా కొట్టేరు. మొదట్లో సున్నా ఉంటే కంప్యూటరు మింగేసింది. చివర ఎక్స్ ఉంటే తీసుకోలేదు. తగ్గిన స్థానాలకి వెనక సున్నాలు తగిలించేరు.

మేడమ్ గారు ప్రతి పుస్తకమూ తెరిచి, తప్పు నంబరు పక్కనే అసలు నంబరు నోటుబుక్కులో రాసేవారు. క్యారేజీ తెరవడం కూడా మరిచిపోయేవారు. "తప్పుని చెరిపేస్తే ఎక్కడ జరిగిందో తెలీదండి" అనేవారు.

ప్రిన్సిపాల్ గారికి తనిఖీవాళ్లొచ్చేలోగా పని అయినట్టు కనబడాలి. "నంబరేదైతేనేమండీ, గడి నిండాలి గానీ" అన్నారాయన.

"తెలీకపోతే ఖాళీగా వదిలేద్దామండి. ఖాళీ చూస్తే ఎవరైనా వెతుకుతారు. నిండుగా ఉంటే నమ్మేస్తారు" అన్నారీవిడ.

ఆయన ఆ తప్పు నంబర్లతోనే గడులు నింపించేరు. ఆ ఏడాది తనిఖీలో, కంప్యూటర్లో ఉన్న నంబర్లతో బీరువాల్లో పుస్తకాలు దొరకలేదు. పుస్తకాలు పోగొట్టేరని ఆవిడకి మెమో ఇచ్చేరు. మెమో ఇమ్మని రాసిన కాలేజీ కమిటీలో, ఎకనామిక్స్ చెప్పే నేనూ ఉన్నాను. చదవకుండా సంతకం పెట్టేను.

మర్నాడు ఆవిడ ఆ "పోయిన" పుస్తకాలన్నీ మోసుకొచ్చి ప్రిన్సిపాల్ బల్లమీద పేర్చేరు. నోటుబుక్కు తీసి ఒక్కో నంబరూ చదివేరు. "ఇవి పోలేదండి. మీరే వీటికి దొంగపేర్లు పెట్టించేరు" అన్నారు. ఆయన ఫోనందుకుని ఎవరితోనో మాట్లాడసాగేరు. మెమో వెనక్కి తీసుకోలేదు. ఆవిడ ప్రమోషన్ రాకుండానే రిటైరయ్యేరు. కాంట్రాక్టరుకి మాత్రం శాలువా కప్పేరు.

కొన్నాళ్లకి ముక్తేశ్వరం రేవులో, గోదారి దాటించే పంటు కోసం నిలబడి కనబడ్డారు. దగ్గరికెళ్లి క్షమించమన్నాను.

"ఆయ్, మీరు చదవకుండా పెట్టేరని తెలుసండి. చదివి పెట్టినవాళ్లమీద నాకంత కోపం లేదు" అన్నారు.

ఆ రోజు నుంచీ చదవని కాగితం మీద నేను సంతకం చెయ్యలేదు. అది ఆవిడ చలవే.

పంటు వచ్చింది. ఆవిడ ఎక్కి, ఇనప కమ్మీ పట్టుకుని, కోటిపల్లి ఒడ్డు వైపు తిరిగి నిలబడ్డారు. నేను రేవులోనే ఉండిపోయేను. పంటు నడిగోదారి దాటేదాకా ఆ నిటారైన వీపు కనబడుతూనే ఉంది. ఆవిడ వెనక్కి తిరగలేదు.